చీకట్లో మొలకలే పొడుగ్గా పెరిగాయి, పిల్లల నోట్‌బుక్కులు దిద్దించాలా?

నర్సంపేట వైపు ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ రాసిన ఉత్తరమిది. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె మొన్నటి డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా చేరారు. బడిలో హెచ్ఎం, ఆమె, ఇద్దరే. నాలుగు, ఐదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని ఆమే చెబుతారు. పరిసరాల విజ్ఞానం పాఠం చదివించి, ప్రశ్నలు జవాబులు రాయించి వదిలేయడం ఇష్టంలేక పిల్లలతో చిన్న చిన్న ప్రయోగాలు మొదలుపెట్టారు. ముందు ఏమవుతుందో అంచనా రాయడం, తర్వాత చేసి చూడడం, చూసింది రాయడం, అలా ఎందుకయిందో మాట్లాడుకోవడం, ఇదీ వాళ్ల పద్ధతి.

‘మొక్కకు ఎండ కావాలా?’ అనే ప్రశ్న వచ్చినప్పుడు పిల్లలు పేపర్ కప్పుల్లో పెసలు వేశారు. ఐదు కప్పులు కిటికీలో పెట్టి, ఇంకో ఐదింటి మీద అట్టపెట్టె బోర్లించారు. అన్నింటికీ రోజూ ఒక్కో చెంచా నీళ్లు. ఎనిమిది రోజులయ్యాక పెట్టె తీస్తే లోపలి మొలకలు జానెడు పొడుగున్నాయి. కిటికీలోవి అందులో సగం కూడా లేవు. పిల్లలు దారంతో కొలిచి, దారాన్ని స్కేలు మీద పెట్టి చూసి, ‘చీకట్లో పెట్టిన మొక్కలు ఎక్కువ పెరిగాయి’ అని రాసుకున్నారు.

తర్వాతి వారం ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) స్లిప్ టెస్టులో ‘మొక్క పెరగడానికి ఏమేమి కావాలి?’ అని అడిగితే ఐదో తరగతి అమ్మాయి ఒకరు ‘నీళ్లు, గాలి కావాలి. ఎండ అవసరం లేదు’ అని రాసింది. పేపర్లు దిద్దిన హెచ్ఎం మార్కులు తీసేశారు. నోట్‌బుక్కులు తెప్పించుకుని చూశారు. “పుస్తకంలో ఒకటుంటే మీరు ఇంకోటి నేర్పుతున్నారు. వచ్చే వారం కాంప్లెక్స్ హెచ్ఎం వస్తున్నారు. ఆ వాక్యం కొట్టేయించి సరైంది రాయించండి” అన్నారు. కాంప్లెక్స్ హెచ్ఎం అంటే చుట్టుపక్కల బడులను చూసుకునే హెచ్ఎం. ఆ అమ్మాయి తండ్రి మిర్చి రైతు. ఆయనా బడికొచ్చి, “ప్రైవేటు బడి పిల్లలు ఇంగ్లీషుల గడగడ చదువుతాండ్లు, మా బిడ్డ కప్పులల్ల మొలకలు కొలుస్తాంది. ఎక్కాలు ఎప్పుడు నేర్పుతరు మేడం?” అని అందరి ముందూ అడిగారు.

ఆమెను ఇబ్బంది పెడుతున్నవి ఇంకా ఉన్నాయి. అంచనా తప్పిన పిల్లలు రబ్బరుతో దాన్ని చెరిపేసి, వచ్చిన ఫలితాన్నే అంచనాగా రాసుకుంటున్నారు. నాలుగో తరగతి అబ్బాయి ఒకడు దిష్టి తీసిన మిరపకాయలు, తీయని మిరపకాయలు వేరు వేరుగా పొయ్యిలో వేసి ఏది ఎక్కువ ఘాటొస్తుందో చూద్దామన్నాడు. వాళ్ల నానమ్మకు కోపం వచ్చింది. చివరికి ఆమె ఇలా రాశారు: “పిల్లలే కనుక్కోవాలి, టీచర్ జవాబు చెప్పకూడదని శిక్షణలో విన్నాను. అందుకే పెట్టె తీసిన రోజు నేనేమీ మాట్లాడలేదు. మాట్లాడాల్సిందా? నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. హెచ్ఎం సార్ మంచి మనిషే, ఆయనతో చెడగొట్టుకోవాలని లేదు. కానీ పిల్లలు కళ్లారా చూసినదాన్ని చెరిపించడానికి నాకు చెయ్యి రావట్లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఈ ప్రయోగాలు ఆపేయడమే మంచిదా?”

టీచర్ గారూ, మీ పిల్లలు తప్పేమీ చూడలేదు. చీకట్లో పెట్టిన పెసలు వెలుతురులో ఉన్నవాటికంటే పొడుగ్గా సాగుతాయి. ఎవరు వేసినా, ఎక్కడ వేసినా అంతే. మీ కప్పుల్లో జరిగింది వృక్షశాస్త్రం చదివినవాళ్లందరికీ తెలిసిన విషయమే. ముందు మీరు దీని గురించి నిశ్చింతగా ఉండండి. మీకే అనుమానం ఉంటే హెచ్ఎంతో మాట్లాడేటప్పుడు గొంతు పెగలదు.

అలా ఎందుకవుతుందంటే, గింజలోని రెండు పప్పుబద్దలు మొలకకు తల్లి కట్టిచ్చిన సద్దిమూట. ఆకు విప్పి సొంతంగా ఆహారం తయారు చేసుకునేదాకా మొలక దాని మీదే బతకాలి. వెలుతురు తగలనంతకాలం అది తన దగ్గరున్నదంతా కాండాన్ని పొడుగు చేయడానికే ఖర్చు పెడుతుంది. మట్టి లోపలి నుంచి, నీడ కింద నుంచి ఎలాగోలా వెలుతురులోకి చేరాలి కదా. అందుకే ఆకులు విప్పదు, పచ్చరంగు తయారు చేసుకోదు, కాండం లావెక్కదు. వెలుతురు తగిలాక పొడుగు సాగడం తగ్గించి ఆకుల పని మొదలుపెడుతుంది. అదే పెట్టెను ఇంకొన్నాళ్లు తీయకుండా ఉంచితే లోపలి మొలకలు తెల్లబారి వాలిపోయేవి. మూటలోది అయిపోయాక వాటికి ఇంకో దారి లేదు. చీకటి మొలకలను వేర్లతో సహా బాగా ఎండబెట్టి తూస్తే, అవి పుట్టిన గింజల ఎండు బరువు కన్నా తక్కువే తూగుతాయి. పొడుగైతే పెరిగాయి కానీ ఒంట్లో ఉన్నది కరిగిపోయింది.

అంటే మీ పిల్లలు పొడుగు ఒక్కటే కొలిచి, మొక్క బాగు మొత్తానికి అదే కొలత అనుకున్నారు. ఎనిమిదో రోజునే ఆపేశారు. ఆ అమ్మాయి ఇంకో అడుగు ముందుకు వేసి, ఎండ అవసరమే లేదని తేల్చేసింది. ‘చీకట్లో మొలకలు పొడుగ్గా ఉన్నాయి’ అనేది చూసిన సంగతి. ‘ఎండ అవసరం లేదు’ అనేది దాని నుంచి ఆమె తీసిన నిర్ణయం. మొదటిది నిజం, రెండోది తప్పు. మీ బడిలో గొడవంతా ఈ రెండూ కలిసిపోవడం వల్లే వచ్చింది. పిల్ల తీసిన నిర్ణయం తప్పని హెచ్ఎం గారికి తెలిసింది. దాన్ని సరిచేయాలన్న ఆయన ఆత్రంలో న్యాయముంది. మొక్కకు వెలుతురు అక్కర్లేదని నమ్మిన పిల్లను ఆరో తరగతికి పంపడం ఏ టీచర్‌కూ ఇష్టముండదు. కాకపోతే ఆయన దిద్దమంటున్నది నిర్ణయాన్ని కాదు, చూసినదాన్ని. మీరేమో చూసినదాన్ని కాపాడాలన్న పట్టుదలలో, నిర్ణయాన్ని అడగకుండా వదిలేశారు.

ఈ తేడా పెద్దవాళ్లకు కూడా అంత సులువుగా పట్టుబడదు. వాన్ హెల్మాంట్ అనే ఆయన చేసిన ప్రయోగం మీ పిల్లలకు కథగా చెప్పొచ్చు. ఇప్పుడు బెల్జియం అంటున్న ప్రాంతం ఆయనది. బాగా ఎండిన మట్టి 200 పౌన్లు, అంటే దాదాపు 90 కిలోలు, తొట్టిలో పోసి 5 పౌన్ల విల్లో అనే చెట్టు మొక్క నాటాడు. ఐదేళ్లు నీళ్లు తప్ప ఏమీ వేయలేదు. ఐదేళ్ల తర్వాత చెట్టు 169 పౌన్లు తూగింది, దాదాపు 77 కిలోలు. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 2 ఔన్సులే, 60 గ్రాములు కూడా కాదు. కాబట్టి చెట్టంతా నీళ్లతోనే తయారైందని ఆయన తేల్చాడు. ఆయన పోయాక 1648లో అది పుస్తకంలో వచ్చింది. తూకాల్లో తప్పేమీ లేదు. నిర్ణయంలోనే తప్పు, ఎందుకంటే గాలి కూడా ఇందులో ఉందని ఆయనకు తట్టలేదు. కొవ్వొత్తి ఆరిపోయి పాడైన గాలిని పుదీనా కొమ్మ మళ్లీ బాగు చేస్తుందని ప్రీస్ట్లీ అనే శాస్త్రవేత్త 1771లో చూశాడు. మొక్కలోని పచ్చని భాగాలు వెలుతురులోనే ఆ పని చేస్తాయని ఇంగెన్‌హౌజ్ అనే ఇంకో శాస్త్రవేత్త 1779లో తేల్చాడు. నిర్ణయం మారడానికి నూట ముప్పై ఏళ్లు పట్టింది. ఆ తూకాలను మాత్రం ఎవరూ చెరిపేయలేదు. ఇప్పటికీ పాఠాల్లో అవే అంకెలు చెబుతున్నారు.

ఇప్పుడు వచ్చే వారం సంగతి చూద్దాం. మీ ముందు కొన్ని దారులున్నాయి. ఏ దారిలో పోతే ఏమవుతుందో నాకు తోచినంత చెబుతాను. నిర్ణయం మీదే, ఎందుకంటే ఆ బడిలో రోజూ ఉండేది మీరు.

హెచ్ఎం చెప్పినట్టే వాక్యం కొట్టేయించి ‘ఎండలో పెట్టిన మొక్కలు బాగా పెరిగాయి’ అని రాయించొచ్చు. కాంప్లెక్స్ హెచ్ఎం వచ్చి, చూసి, సంతకం పెట్టి పోతారు. బడిలో ఇద్దరి మధ్యా మాట పట్టింపు ఉండదు. కొత్త ఉద్యోగంలో అది చిన్న విషయమని నేననను. కానీ పిల్లలు దారం పట్టుకుని తమ చేత్తో కొలిచారు. టీచర్ చెబితే ఆ కొలతను కూడా మార్చాలని వాళ్లు ఆ రోజు నేర్చుకుంటారు. తర్వాతి ప్రయోగానికి పెట్టె తీయకముందే పుస్తకం తెరిచి ఏం రాయాలో చూసుకుంటారు. హైస్కూలులో ప్రాక్టికల్ రికార్డులు పక్కవాడి దాంట్లో చూసి నింపే అలవాటు ఇలాంటి చోటే మొదలవుతుంది. అందుకే ఈ దారి నాకు ససేమిరా నచ్చదు.

కొట్టేయించనని గట్టిగా చెప్పి, నోట్‌బుక్కులు ఉన్నవి ఉన్నట్టే చూపించొచ్చు. మాట నిలబెట్టుకున్నట్టుంటుంది. అయితే వచ్చినాయన చేతిలో ఉండేది నాలుగు నిమిషాలు. ఆ ఒక్క వాక్యం చదివి ‘ఇదేంటి?’ అంటే, మీ హెచ్ఎం అందరి ముందూ చిన్నబోతారు. ఇద్దరే ఉన్న బడిలో ఆ చేదు ఏడాదంతా ఉంటుంది. ప్రయోగాలు మొత్తానికే ఆపమనే ఆర్డరు కూడా రావచ్చు. పైగా ఈ దారిలో ఆ అమ్మాయి తప్పు నిర్ణయం అలాగే ఉండిపోతుంది. నోట్‌బుక్కును కాపాడి పిల్లను వదిలేసినట్టవుతుంది.

మూడో దారి, ప్రయోగం అయిపోలేదని అందరికీ చెప్పి దాన్ని కొనసాగించడం. వాక్యం చెరపొద్దు. దాని కింద గీత గీసి ‘ఇంకా తెలుసుకోవాల్సినవి’ అని పిల్లలతోనే రాయించండి. పొడుగ్గా ఉన్నవి ఆరోగ్యంగా ఉన్నాయా? వాటి ఆకులు ఏ రంగులో ఉన్నాయి? ఇంకా కొన్నాళ్లు చీకట్లోనే ఉంటే ఏమవుతాయి? రేపే కొత్త పెసలు వేయించండి. ఈసారి పొడుగుతో పాటు ఆకుల రంగు, కాండం తనంతట తాను నిలబడుతోందా లేదా అన్నది కూడా రాయాలి. చీకటి కప్పుల్లో రెండింటిని ఆరో రోజున కిటికీలోకి మారిస్తే, పసుపుగా ఉన్న ఆకులు పచ్చబడడం పిల్లలు చూస్తారు. మిగతావి పెట్టె కిందే ఉండి వాలిపోవడమూ చూస్తారు. ఇంకో పెట్టెకు పక్కన రూపాయి బిళ్లంత రంధ్రం చేసి పెట్టండి. మొలకలన్నీ ఆ రంధ్రం వైపుకే వంగుతాయి. ఎండ అక్కర్లేదన్న పిల్లకు దానికన్నా మంచి జవాబు మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

దీనికీ ఖర్చుంది. రెండు మూడు వారాలు పడుతుంది, కాంప్లెక్స్ హెచ్ఎం వచ్చేనాటికి సగంలోనే ఉంటుంది. చీకటి కప్పుల్లో నీళ్లు ఎక్కువైతే బూజు పట్టి మొత్తం పాడవ్వచ్చు. అయినా నా మొగ్గు దీనివైపే. ‘ఇది మొదటి విడత, రెండో విడత నడుస్తోంది’ అని పిల్లలే చెబితే, వచ్చినవాళ్లకు తప్పు కాకుండా పని కనిపిస్తుంది.

హెచ్ఎం గారితో ఆయన కుర్చీ దగ్గర ఒంటరిగా మాట్లాడండి, పిల్లల ముందో తల్లిదండ్రుల ముందో వద్దు. “సార్, మీరు చెప్పింది నిజమే, పిల్లలు తప్పు అర్థం చేసుకున్నారు. కొట్టేయిస్తే వాళ్లకు ఎందుకు తప్పో తెలియదు. రెండు వారాలు టైమివ్వండి, వాళ్లతోనే సరిచేయిస్తాను” అంటే సరిపోతుంది. మొదటి వాక్యం ఆయన్ను మెప్పించడానికి చెప్పేది కాదు, నిజంగానే ఆయన చెప్పినదాంట్లో సగం నిజముంది. ఇదంతా మీ సొంత పిచ్చి కాదని చూపించాల్సి వస్తే, 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు పనులు చేస్తూ, అన్వేషిస్తూ నేర్చుకోవాలని చెబుతోంది. ఎఫ్ఏలో ప్రాజెక్టు పనికి మార్కులున్న సంగతి ఆయనకు తెలిసిందే. చట్టం మాట మాత్రం ఆయన అడిగితేనే తీయండి. పెద్దాయన ముందు సెక్షన్లు చదివితే వినాలనుకున్నది కూడా వినరు.

పెట్టె తీసిన రోజు మాట్లాడాల్సిందా అని అడిగారు. నాకైతే మాట్లాడాల్సిందనే అనిపిస్తుంది, కానీ జవాబు చెప్పడానికి కాదు. ‘పిల్లలే కనుక్కోవాలి’ అనే మాటను చాలామంది టీచర్లు ‘నేను నోరు విప్పకూడదు’ అని అర్థం చేసుకుంటున్నారు. ఫలితం ఏం వస్తుందో ముందే చెప్పేయడం వేరు, సరిగ్గా ఎలా పరీక్షించాలో చెప్పడం వేరు. రెండోది చెప్పి తీరాలి, తొమ్మిది పదేళ్ల పిల్లలకు అది దానంతటదే రాదు. అమెరికాలో డేవిడ్ క్లార్, మిలేనా నిగమ్ అనే పరిశోధకులు మూడు, నాలుగు తరగతుల పిల్లలతో చేసిన పని 2004లో అచ్చయింది. రెండింటిని పోల్చేటప్పుడు ఒక్క విషయమే మార్చి మిగతావన్నీ ఒకేలా ఉంచాలని నేరుగా, ఉదాహరణలతో నేర్పిన గుంపులో ఎక్కువమందికి ఆ పద్ధతి వచ్చింది. వాళ్లంతట వాళ్లే కనుక్కుంటారని వదిలేసిన గుంపులో చాలా తక్కువమందికే వచ్చింది.

ఆ కళ్లతో మీ కప్పులనే చూడండి. అన్నింటికీ రోజూ ఒక చెంచా నీళ్లన్నారు. పోసిన నీళ్లు సమానమే. కానీ కిటికీలో ఎండకు, గాలికి మట్టి తొందరగా ఆరిపోతుంది, పెట్టె కింద తడి అలాగే ఉంటుంది. అంటే కిటికీ మొలకలకు వెలుతురు ఎక్కువైంది, తడి తక్కువైంది. రెండు విషయాలు మారాయి. మీ కిటికీ మొలకలు సగం కూడా లేకపోవడంలో ఈ తడి పాత్ర కూడా ఉండొచ్చు. ఈసారి చెంచా లెక్క వదిలేసి, వేలితో మట్టి ముట్టుకుని తడి ఒకేలా ఉండేట్టు పోయమనండి. ఈ లోపాన్ని మీరు చెప్పేయకుండా “రెండు చోట్లా మట్టి ముట్టుకుని చూడండి, తేడా ఏమైనా ఉందా?” అని ఒక్క ప్రశ్న అడిగితే, ఐదో తరగతిలో ఎవరో ఒకరు పట్టుకుంటారని నా నమ్మకం.

అంచనాలు చెరిపేయడం గురించి. పిల్లలు అబద్ధమాడడానికి ఇలా చేయడం లేదు. ఇన్నేళ్లూ నోట్‌బుక్కులో తప్పు ఉంటే ఎర్ర సిరా పడింది, తప్పు అంచనా కూడా తప్పు జవాబే అనుకుంటున్నారు. అంచనాను పెన్నుతో రాయించండి. దాని మీద టిక్కూ వద్దు, ఇంటూ వద్దు. మీ అంచనా బోర్డు మీద రాయండి. అది తప్పినప్పుడు చెరపకుండా అలాగే ఉంచండి. టీచర్ అంచనా తప్పి, టీచర్‌కు ఏమీ కాకపోవడం చూస్తే వాళ్ల భయం సగం పోతుంది. రొనాల్డ్ రాస్ అనే డాక్టర్ కథ మన దగ్గరిదే, అదీ చెప్పండి. మలేరియా దోమల్లో ఉంటుందన్న అంచనాతో ఆయన 1895 నుంచి దోమలు కోసి చూస్తూ పోయాడు. ఏమీ దొరకలేదు, ఎందుకంటే ఆయన కోసినవి వేరే రకం దోమలు. దొరకలేదనే రాసుకున్నాడు. రెక్కల మీద మచ్చలున్న దోమ చేతికి వచ్చాక, 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో మలేరియా క్రిమి ఆనవాలు దాని కడుపు గోడలో చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. సికింద్రాబాద్ అంటే పిల్లలకు తెలిసిన ఊరే, వాళ్లలో కొందరు రైల్లో పోయి వచ్చే ఉంటారు.

ఇక ఆ తండ్రి. అందరి ముందూ అడిగారని మీకు బాధేసింది, అది సహజం. కానీ ఆయన అడిగింది అవమానించడానికి కాదనుకుంటాను. బిడ్డ చదువు మీద బెంగ అది. రెండు పనులు చేయొచ్చు. మొదటిది, నిజాయితీగా లెక్క చూసుకోండి. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు తెలుగు ధారాళంగా చదవలేకపోతున్నా, ఎక్కాలు రాకపోయినా, ప్రయోగాల వల్ల ఆ టైము పోతున్నా ఆయన మాట వినాల్సిందే. అలాంటప్పుడు ప్రయోగాన్ని రెండు వారాలకొకటి చేయండి, పరిసరాల విజ్ఞానం పీరియడ్ దాటకుండా. టైము సరిపోతోంది అనిపిస్తే మానాల్సిన పని లేదు. కాకపోతే ఆ నోట్‌బుక్కు ఆయన చేతిలో పెట్టి, బిడ్డ సెంటీమీటర్లలో కొలిచి తీసివేతలు చేసిందని, సొంతంగా వాక్యాలు రాసిందని చూపించండి. చూడకుండా ఆయనకు ఎలా తెలుస్తుంది?

రెండోది నాకు ఇంకా ముఖ్యమనిపిస్తోంది. ఆయన మిర్చి రైతు. మీ పిల్లలు పెట్టె కింద చూసినదాన్ని ఆయన ప్రతి ఏడూ నారుమడిలో చూస్తారు. నారు ఒత్తుగా పోస్తే ఒకదాని నీడలో ఒకటి పడి సన్నగా, పీలగా, పొడుగ్గా లేస్తుంది. ఆ నారు నాటితే నిలబడదని మిర్చి వేసే ఇంట్లో ఎవరిని అడిగినా చెబుతారు. విత్తనం కొన్నాక మంచిదో నకిలీదో తేల్చుకోవడానికి నూరు గింజలు లెక్కపెట్టి, తడి గోనె గుడ్డలో చుట్టి, ఎన్ని మొలిచాయో చూసే పని కూడా రైతులు ఎప్పటి నుంచో చేస్తున్నారు. వరి విత్తనానికి నూటికి 80 మొలకెత్తాలన్నది ప్రమాణం. లెక్కపెట్టి వేయడం, చూడడం, చూసినదాన్ని బట్టి కొనడమో వాపస్ ఇవ్వడమో తేల్చుకోవడం, మీరు గదిలో నేర్పుతున్నది ఇదే కదా. “అన్నా, పిల్లలకు నారు సంగతి ఒక అరగంట చెప్పండి” అని పిలవండి. రాకపోవచ్చు, పనుల రోజుల్లో కుదరకపోవచ్చు. వస్తే మాత్రం, ఒత్తు నారు గుప్పెడు, పలచగా పోసిన నారు గుప్పెడు తెమ్మనండి. తన బిడ్డ అడిగిన ప్రశ్నకు తనే జవాబు చెప్పినాయన మళ్లీ కప్పుల మీద కోపం చేసుకోరు.

దిష్టి మిరపకాయల సంగతిలో మాత్రం కొంచెం వెనక్కి తగ్గమంటాను. ఆ అబ్బాయి ఆలోచన చక్కనిది, ఒక్కటే మార్చి పోల్చాలని వాడికి అర్థమైంది. దాన్ని మెచ్చుకోండి. కానీ మిరపకాయల పొగ పిల్లల ఊపిరికి మంచిది కాదు, పొయ్యి దగ్గర పని అసలే వద్దు. ఇంకో కారణం కూడా ఉంది. తొమ్మిదేళ్ల పిల్లవాణ్ని ప్రేమగా దిష్టి తీసిన నానమ్మ మీదికే పరీక్షకు పంపితే, వాడు గెలిచినా ఇంట్లో ఒంటరివాడవుతాడు. వాడు మిమ్మల్ని ‘దిష్టి నిజమా?’ అని సూటిగా అడిగితే అబద్ధం చెప్పొద్దు. మిరపకాయ ఘాటు దానిలోని కారాన్ని బట్టి, ఎంత ఎండింది, ఎంత మంటలో పడింది అన్నదాన్ని బట్టి ఉంటుందని చెప్పండి. మిగతాది వాడు పెద్దయ్యాక వాడే తేల్చుకుంటాడు.

మార్కులు పోయిన అమ్మాయితో ఈ వారమే మాట్లాడండి, ఫలితం వచ్చేదాకా ఆగొద్దు. “నువ్వు చూసింది సరిగ్గానే చూశావు. దాన్ని బట్టి రాసింది ఇంకా రుజువు కాలేదు. మళ్లీ చూద్దాం” అని విడివిడిగా చెప్పండి. రెండో విడత కప్పుల బాధ్యత ఆమెకే ఇవ్వండి. మార్కులు తిరిగి ఇవ్వమని హెచ్ఎంను అడగాలా అంటే, నేనైతే అడగను. అడిగిన ప్రశ్నకు ఆమె జవాబు తప్పే. మార్కు కోసం పోరాడితే, చూసింది నిజం కాబట్టి రాసిందంతా నిజమనే పాఠం ఆమెకు మనమే నేర్పినట్టవుతుంది.

ఆపేయాలా అన్నారు. ఆపకండి. అయితే తర్వాతి ప్రయోగానికి, పుస్తకంలో జవాబు సిద్ధంగా లేని ప్రశ్న ఎంచుకోండి. అప్పుడు ‘సరైన జవాబు’ కోసం ఎవరూ తొందర పెట్టరు. మీ చుట్టూ పత్తి చేన్లే కాబట్టి ఒకటి సూచిస్తాను. చేనులో ఏరి గింజ తీసిన పత్తి కొంచెం, మెడికల్ షాపులో దొరికే దూది అంతే కొంచెం, రెండు గిన్నెల నీళ్లలో ఒకేసారి వేయాలి. ఏది ముందు మునుగుతుందో అందరూ ముందే పెన్నుతో అంచనా రాయాలి, హెచ్ఎం సార్‌తో సహా. షాపు దూది నీళ్లు తాగి మునిగిపోతుంది, చేను పత్తి తడవకుండా పైనే తేలుతుంది. రెండూ పత్తే కదా, ఎందుకీ తేడా అని పిల్లలు అడుగుతారు. పత్తి పోగు మీద పుట్టుకతో మైనం లాంటి పలచని పొర ఉంటుంది, షాపు దూదికి దాన్ని ఉడికించి తీసేస్తారు. ఇది వెంటనే చెప్పొద్దు, రెండు రోజులు వాళ్లను ఊహించనివ్వండి. తర్వాత చేను పత్తిని చాకలి సోడా కలిపిన నీళ్లలో బాగా మరిగించి, కడిగి, ఆరబెట్టి మళ్లీ నీళ్లలో వేయండి. ఈసారి అదీ మునుగుతుంది. మరిగించే పని మాత్రం మీరే చేయాలి, పిల్లలు దూరంగా కూర్చుని చూడాలి. సోడా నీళ్లు చేతికి తగలకుండా చూసుకోండి.